అతి గట్టి మంచు

మార్చి 28, 1959

ఈ పొద్దు పైఆఫీసు నుంచి కట్ట వచ్చింది. విప్పితే అన్నీ కొత్త ఫారాలు. ఒకో ఫారంలో ముప్పైరెండు కాలమ్‌లు. మంచు ఎంత లోతు పడింది, తడి మంచా పొడి మంచా, గాలి యాడనుంచి వీస్తాండాది, కొండవాలు ఎంత, మంచుచరియ విరిగిపడే ప్రమాదం ఒకటి నుంచి ఐదులో ఎంత. చివర సంతకం జాగాలో హోదా అచ్చేసినారు: హిమ పరిశీలకుడు.

అడ్రసు రెండుసార్లు చూసినా. పెనుకొండే. రెండున్నరవేల అడుగులకు పైన వాన కొలిచే గేజి యాడుంటే ఆడికంతా పంపినారంట. మన గేజిని ఎప్పుడో ఎవరో దొర కొండమీద, మూడువేల అడుగుల ఎత్తులో పెట్టిచ్చినాడు. ఆయప్ప పెట్టిపోయినాడు, నేను అనుభవిస్తాండా.

హెడ్ గుమాస్తా ఆదెప్ప దగ్గరికి పోయి, "సార్, ఎండలు ముదురుతాండాయి. పెనుకొండలో మంచు యాడిది?" అంటే, ఆయన పొడుము పీల్చి, తుమ్మి, తుడుచుకోని, "ఏమప్పా చెన్నకేశవులూ, మంచు ఉందా లేదా అని వాళ్లు అడగలా. ఎంతుందని అడిగినారు. ఎంతుందో రాయి" అన్నాడు.

ఏదైతేనేం, హోదా బాగుండాది. ఇంతకుముందు ఉత్త వాన గుమాస్తాను. సాయంత్రం ఇంటికొచ్చి, "ఇంకమీదట నేను హిమ పరిశీలకుణ్ణి" అని నా పెండ్లాం అలివేలుకు చెప్పినా. "తాగే నీళ్లకు మూడు వీధులు తిరుగుతాండాం, నీకు మంచు యాడ దొరికిందయ్యా" అని బిందె చేతికిచ్చి బావికి పంపింది. ఇంట్లో ఈ ఆడమనిషికి హోదా విలువ ఎప్పుడు తెలిసొస్తాదో.

మార్చి 30

రూలు పుస్తకం చదివినా. రోజూ పొద్దున పైకెక్కి చూసి ఫారం నింపాల. ప్రమాదం అంకెను తెల్లకాగితం మీద పెద్దగా రాసి, కొండకింద జనం తిరిగే తావులో అతికించాల. మా ప్యూను ఓబులేసు పోయి గుండుకిందపల్లె దారిలో బండకు అతికించి వచ్చినాడు. "మంచు: నిల్. ప్రమాదం: 1. ఇట్లు, హిమ పరిశీలకుడు."

"జనం ఏమన్నారు ఓబులేసూ?" అని అడిగినా.

"బంక బాగా పట్టింది, యాడ తెచ్చినావు అన్నారు సార్."

ఇంక పైకెక్కే సంగతి. ఇది ఎవరూ చదవని డైరీ గదా, రాసుకుంటే పోయేదేముంది. ఉద్యోగంలో చేరిన మొదటి రెండు నెలలూ నేను రోజూ కొండెక్కినా. ఆమీద కొండమీద ఎలుగుబంటిని చూసినానని ఓబులేసు చెప్పినాడు. గవర్నమెంటు మనిషిని ఎలుగుబంటి తింటే నష్టం గవర్నమెంటుకే. ఆ పొద్దు నుంచి, అంటే పదకొండేండ్లుగా, వానను మా పెరట్లోనే కొలుస్తాండా. అలివేలు పిండి రుబ్బే రోలు పెరట్లో నాటి ఉండాది. దాంట్లో మేకుతో ఐదు గీతలు గీసినా. గీతకు అర అంగుళం. పొద్దున్నే వంగి చూసేది, రాసేది, నీళ్లు తోడిపారేసేది.

దీన్ని మోసం అనేదానికి లేదు. కొండమీద కురిసేదీ, పెరట్లో కురిసేదీ ఒకే మోడం. రోలు రాతిది, అబద్ధం చెప్పదు.

ఏప్రిల్ 2

రోలు అబద్ధం చెప్పింది. పొద్దున రెండో గీత దాకా నీళ్లుంటే అంగుళం వాన అని రాసి పంపిచ్చేసినా. మధ్యాహ్నం అన్నానికొస్తే అలివేలు నడుంమీద చెయ్యి పెట్టుకోని నిలబడుంది. "రోలు కడుగుదామని నీళ్లు పోసిపెడితే పారబోసినావు గదయ్యా! ఒక బిందె నీళ్లు! మోసింది నేను గదా!"

అప్పుడు గుర్తొచ్చింది, నిన్నంతా ఆకాశంలో చెయ్యంత మోడం గూడా లేదు. కానీ రాసిన వానను వెనక్కి పంపేదానికి ఫారం లేదు. పడిందనే అనుకోవాల.

ఏప్రిల్ 6

గుండుకిందపల్లె ఎస్తేరమ్మ ఆఫీసు వాకిట్లోకి వచ్చింది. కొండమీద గడ్డి కోసి టౌన్లో ఇండ్లకేస్తాది. మొగుడు దేవదాసు రోడ్డు కూలీ. వాళ్లది తొమ్మిదిండ్ల పల్లె. నెత్తిన, కొండ నడుములో, పెద్ద రాతిగుండు ఒకటుండాది. దాని మూలంగానే పల్లెకు ఆ పేరు.

"సామీ, గుండు కింద మన్ను కొట్టుకుపోతాండాది. పోయిన ఏడు నా చెయ్యి దూరేది. ఇప్పుడు మేక దూరి పండుకుంటాండాది."

"ఆ గుండు మా తాతల కాలం నుంచి ఆడే ఉండాదిమ్మా" అన్నా.

"మన్ను గూడా ఉండె సామీ, తాతల కాలం నుంచి."

దీనికి నోరు చూడు. "నువ్వొకసారి పైకెక్కి చూడు సామీ. నువ్వు కాగితంలో రాస్తేనే పైవాళ్లకు తెలుస్తాది" అనింది. "నేను రోజూ ఎక్కి చూస్తానే ఉండా" అని నోరుజారి అనేసినా. పదకొండేండ్లుగా ఆ కొండమీద రోజూ తిరిగే మనిషి ముందర! ఆమె నా మొగం చూసింది. నేను మోకాళ్లు చూసుకున్నా. "సరే సామీ" అని తట్ట నెత్తిన పెట్టుకోని పోయింది.

రాస్తే ఏమైతాది? గుండు చూసేదానికి పైనుంచి ఎవరో వస్తారు. గుండు చూసినోడు గేజి చూడడా? గేజి చూసినోడు రిజిస్టరు అడగడా? రిజిస్టరు చూసినోడు మా పెరట్లోకి రాడా? యాడనో మన్ను జారితే నా ఉద్యోగం గూడా జారాల్నా?

మంచు: నిల్. ప్రమాదం: 1.

ఏప్రిల్ 9

ఉగాది. వికారి నామ సంవత్సరం. ఈ ఏడు వానలు మెండని అయ్యవారు పంచాంగం చదివినాడు. ఆయప్ప గూడా కొండ ఎక్కలా. ఆయనకైతే అందరూ దణ్ణం పెడతారు.

ఏప్రిల్ 13

నిన్న సాయంత్రం గాలివాన. చైత్రంలో ఇట్లాంటి వాన నేను చూడలా. రోట్లో నాలుగో గీత దాటింది. పెరట్లోనుంచి కొండ బాగానే కనపడతాది. గుండు ఉన్న తావులోనే ఉండాది.

ప్రమాదం: 1.

ఏప్రిల్ 14

నిన్న మధ్యాహ్నం గుండు పక్కనుంచి చిన్న రాయి ఒకటి దొర్లింది. చిన్నదంటే గంగాళమంత. దేవదాసు కాలిమీద పడి మోకాలి కింద ఎముక రెండు తునకలైంది. సోమందేపల్లి మీద పోయే లారీని ఆపి హిందూపురం ఆసుపత్రికి ఎత్తుకుపోయినారంట.

నా తప్పేం లేదు.

ఏప్రిల్ 15

ఫారం మొత్తం మళ్లీ చదివినా. ముప్పైరెండు కాలమ్‌లలో యాడా రాయి అనే మాటే లేదు. నా తప్పేం లేదు.

ఏప్రిల్ 16

హిందూపురం పోయినా. వేరే పని. ఆసుపత్రి దారిలోనే ఉండాది కాబట్టి లోపలికి పోయినా. చేతిలో నాలుగు అరటిపండ్లు ఉండె, అవి ఊరికే కొన్నవి.

దేవదాసు కాలు పలకల మధ్య కట్టి ఎత్తిపెట్టినారు. నన్ను చూసి లేవబోయినాడు. వద్దన్నా. ఆయప్ప మిషను బడిలో ఐదు దాకా చదివినాడు, కాగితాలు చదువుతాడు. అది నాకు తెలీదు.

"నాకు ఆ దారి భయమే సామీ" అన్నాడు. "ఎస్తేరు చుట్టు తిరిగి పొమ్మనింది. నేనే, 'ఒసే, పొద్దున కాగితంలో ఒకటని రాసినారు, సామి చూసే గదా రాసుంటాడు' అని ఆ దారినే పోయినా."

నిష్ఠూరంగా అన్లేదు. నిష్ఠూరంగా అనుంటే నాకు కోపమన్నా వచ్చుండు. అరటిపండ్లు మంచంమీద పెట్టి వచ్చేసినా. బస్సులో పక్కన కూచున్నోడు "కండ్లలో దుమ్ము పడినట్టుండాది" అన్నాడు. అవునన్నా.

ఏప్రిల్ 17

ఎక్కినా.

ఓబులేసును తోడు రమ్మంటే, "ఎలుగుబంటి సార్?" అన్నాడు. "అది ఇన్నేండ్లుంటాదా, చచ్చుంటాది" అన్నా. "అది అప్పుడు గూడా లేదు సార్. మీకు మోకాళ్లు నొప్పులని నేనే చెప్పినా" అన్నాడు. పదకొండేండ్లుగా నేను తప్పుకోని తిరిగిన ఎలుగుబంటి ఇన్నాళ్లూ వీని నోట్లో ఉండింది. తిట్టేదానికి ఊపిరి లేక ఊరుకున్నా.

నాలుగుసార్లు కూచోని, రెండుసార్లు పండుకోని, చచ్చీ చెడీ గుండు దగ్గరికి చేరినాం. నా చేతికర్రను గుండు కిందికి పెట్టి తోసినా. కర్ర పూర్తిగా పోయింది. చెయ్యి గూడా పెట్టినా. భుజం దాకా పోయింది, యాడా మన్ను తగలలా. ఒక పక్క రెండు చిన్న రాళ్లమీద నిలబడుండాది ఆ గుండు. ఇల్లంత గుండు. కిందికి చూస్తే ఎస్తేరమ్మ ఇంటి వాకిలి, వాకిట్లో ఆరేసిన కోక, పక్కింటి చంటిదాని ఉయ్యాల. ఇన్ని దినాలూ ఒకటి, ఒకటి, ఒకటి అని రాసిన చెయ్యి ఇదే.

ఇంకా పైకి పోయి గేజి చూసినా. తుప్పు పట్టి, గువ్వలు గూడు కట్టి ఉంటాదనుకున్నా. నిన్న తోమినట్టు మెరుస్తాండాది. కొలత గ్లాసు దాని మీద బోర్లించి ఉండాది. పక్కన బండ సందులో వరసగా పదకొండు ముంతలు, లోపల చింతగింజలు.

ఎస్తేరమ్మ గడ్డి తట్టతో ఆడికే వచ్చింది. "ఇవేందమ్మా?" అని అడిగినా.

"మర్చిపోయినావా సామీ? నువ్వు ఎక్కే దినాల్లో చెప్తివి గదా. 'నేను రాని దినం నీళ్లు పారబోసి, ఎన్ని గ్లాసులో గుర్తుపెట్టుకో, వచ్చి అడుగుతా' అని. నాకు లెక్క నిలవదు. గ్లాసుకు ఒక గింజ ఏస్తి. ఏడాదికొక ముంత."

"పదకొండేండ్లా?"

"నువ్వు అడుగుతానంటివి గదా."

నేను బండమీద కూచుండిపోయినా. సిగ్గు అంటే ఇదే కాబోలు. ఇన్నాళ్లూ మోకాలి నొప్పి అనుకున్నా.

ఏప్రిల్ 18

ఆదెప్పకు చెప్పినా. ఆయన చెవిలో అగ్గిపుల్ల తిప్పుకుంటా విని, "గుండుకు మన దగ్గర ఫారం లేదప్పా" అన్నాడు. "ఉత్త కాగితం మీద రాస్తే పైకి పోయి, 'ఇది ఏ శాఖ' అని వెనక్కొచ్చి, మళ్లీ పోయి, ఆర్నెల్లు పడతాది."

"ఆర్నెల్లు గుండు ఆగదు సార్."

"ఆగాల. రూలు మనకే గాని గుండుకు లేదా ఏం? ఆలోగా నీ చేతిలో ఉన్నది ఒకటే. ఏడో రూలు. మంచు ప్రమాదం ఐదు అని నువ్వు రాస్తే, ఇరవైనాలుగు గంటల్లో కొండకింద జనాన్ని ఖాళీ చేయించి, ఊర్లో మంచి కట్టడంలో పెట్టాల్సిందే. దానికి ఎదురు చెప్పేదానికి ఎవనికీ అధికారం లేదు. ఐతే మంచు ఉండాల."

గుండు పడితే దిక్కులేదు, మంచు పడితే రాజమర్యాద.

ఏప్రిల్ 19

ఆదివారం. ప్రార్థన ముగిసేదాకా పల్లె బయట నిలబడి, తర్వాత పోయి అందరినీ పిలిచి, ఇండ్లు ఖాళీ చేయమన్నా. వాదిస్తారనుకున్నా. ఎవరూ వాదించలా.

"చేస్తాం సామీ, యాడికి పోయేది?" అని ఎస్తేరమ్మ అడిగింది.

"టౌన్లో బడి ఉండాది గదా. సెలవులిచ్చినారు."

"మా పిల్లోళ్లనే వసారాలో కూచోబెడతారు. మేం తట్టాబుట్టా ఎత్తుకోని పోయి తలుపు తడితే తీస్తారా? నువ్వు తీయించు, ఇప్పుడే వస్తాం."

తా దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టుండాది నా హోదా.

ఏప్రిల్ 20

మధ్యాహ్నం మూడుగంటలకు కొండమీదినుంచి నల్లగా మోడం దిగింది. గాలి, ఉరుము. ఆమీద వడగండ్లు! రేగుపండంతవి కొన్ని, నిమ్మకాయంతవి కొన్ని. మా పెంకులు సగం పగిలినాయి. అర్ధగంటకు ఆగింది. తలుపు తీస్తే పెరడు తెల్లగా ఉండాది. వీధి తెల్లగా ఉండాది. కొండ తెల్లగా ఉండాది!

రోలు దగ్గరికి ఉరికినా. ఐదో గీత దాకా నిండి కుప్పగా నిలబడుండాది. నేను దాని ముందర నిలబడి ఎంతసేపు చూసినానో తెలీదు.

"అలివేలూ, ఇది ఏంది?"

"వడగండ్లు."

"గట్టిగా తెల్లగా చల్లగా, మోడంలోనుంచి పడింది. దీన్ని ఇంకేమనొచ్చు?"

అలివేలు నా మొగం చూసింది. పల్లె సంగతి ఆమెకు ముందే చెప్పినా. "ఏమన్నా అనొచ్చు" అనింది. "కరగకముందే రాయి. ఫో."

రాసినా. మంచు: రెండున్నర అంగుళాలు. రకం: గింజ మంచు. ప్రమాదం: 5. పోస్టాఫీసుకు పోయి తంతి ఇచ్చినా. తంతి గుమాస్తా మూడుసార్లు చదివి, "సార్, ఇది పెనుకొండ" అన్నాడు. "తెలుసు, కొట్టు" అన్నా. పదకొండేండ్లు నిజమనుకోని అబద్ధం రాసినా. ఈ పొద్దు అబద్ధమని తెలిసి రాసింది మాత్రం నిజం.

ఏప్రిల్ 21

తంతికి తంతి. "వెంటనే ఖాళీ చేయించు." ఆదెప్ప దాన్ని కండ్లకద్దుకున్నాడు. ఓబులేసు తప్పెట కొట్టుకుంటా, "మంచుచరియ వస్తాండాదహో! గుండుకిందపల్లె జనమంతా బడికి పోవాలహో!" అని చాటినాడు. మంచుచరియ అంటే ఏందో ఎవరికీ తెలీదు, అందువల్ల అందరూ భయపడినారు. ఎర్రటి ఎండలో జనం చెవులకు గుడ్డలు కట్టుకున్నారు. సంతలో కంబళ్లన్నీ అమ్ముడుపోయినాయి. పెద్దమనుషులు నలుగురు బడి తలుపుకు అడ్డం నిలబడితే ఆదెప్ప ఏడో రూలు గట్టిగా చదివినాడు. అది ఇంగ్లీషు. తప్పుకున్నారు.

తొమ్మిదిండ్లవాళ్లు, మేకలు, కోళ్లు, ఉయ్యాల, అన్నీ వచ్చినాయి. ఎస్తేరమ్మ ముంతలు గూడా తెచ్చింది. వసారాలో ఆగిపోతే, "లోపలికి పోండి. రూలులో లోపల అనే ఉండాది" అని నేనే చెప్పినా.

ఏప్రిల్ 22

నిప్పులు కక్కే ఎండ. గుండు ఉన్న తావులోనే ఉండాది. బజార్లో ఒకడు, "ఏమప్పా మంచు సార్, చలి ఎట్లుండాది?" అన్నాడు.

పైఆఫీసు నుంచి ఇంకో తంతి. మంచు నమూనా పంపాలంట. అది కరిగి రెండు దినాలాయె. రోటి అడుగున మిగిలిన నీళ్లను సీసాలో పోసి, బిరడా బిగించి, "మంచు, కరిగినది" అని చీటీ అతికించి పార్సిలు చేసినా.

ఏప్రిల్ 23

గుండు ఉన్న తావులోనే ఉండాది. ఆదెప్ప ఆర్డరు రద్దు చేద్దామంటాండాడు. పల్లెవాళ్లు గూడా పోతామంటారు, మేకలకు మేత లేదంట. ఒకరోజు ఆగండని కాళ్లావేళ్లా పడినా. అంత పెద్ద గుండు పడాల పడాల అని దేవుణ్ణి మొక్కే పాడు బతుకు నాదే.

ఏప్రిల్ 24

పడింది.

మధ్యాహ్నం మళ్లీ గాలివాన. నేను బడి వసారాలో వాళ్లతోనే ఉండా. మొదట ఒక చిటుకు, కట్టె విరిగినట్టు. తర్వాత బండ్లు వెయ్యి ఒకేసారి పోతాండినట్టు. కాళ్లకింద నేల అదిరింది. దుమ్ము లేచింది, వానలో గూడా దుమ్ము! ఎవరూ అరవలా. ఎస్తేరమ్మ నోట్లోనే పేర్లు చెప్పుకుంటా ఒకొక్కర్నే తాకి లెక్కపెట్టింది. ముప్పైనాలుగు మంది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. ముప్పైనాలుగే. అప్పుడు కూలబడి ఏడ్చింది.

వాన నిలిచినాక పోయి చూసినాం. తొమ్మిదిండ్లలో ఏడు లేవు. ఎస్తేరమ్మ ఇంటిమీద గుండు కూచోనుండాది. వాకిలి ఏది, గోడ ఏది, ఏమీ తెలీదు.

ఏప్రిల్ 25

ఎవరూ చచ్చిపోలేదు. ఎవరూ పోలేదు.

ఏప్రిల్ 27

పైఆఫీసరు వచ్చినాడు. పెనుకొండలో మంచుచరియ అంటే చూడకుండా ఉంటాడా. ధర్మవరం జంక్షన్లో దిగేటప్పటికి ఉన్ని కోటు, చెవులు కప్పే టోపీ, మేకులు కొట్టిన బూట్లు. ఎదురుపోయిన ఓబులేసు, "పోర్టర్లు సర్కస్ వచ్చిందనుకున్నారు సార్" అన్నాడు. కోస్తావైపు ఆయన, మాట మర్యాదగా ఉంటాది.

"మంచెక్కడండీ?" అన్నాడు.

"సీసాలో పంపినా సార్."

"అందిందండీ. నీళ్లు. అందులో మినప్పప్పు పొట్టు కూడా ఉందండీ." నాకు చెమట్లు పట్టినాయి. మాసిన రోలు!

పల్లెకు తీసుకుపోయినాం. ఆయన గుండు చుట్టూ తిరిగి, సుత్తితో కొట్టి, ఫారం తీసి చాలాసేపు చూసినాడు. ఆమీద రిజిస్టరు అడిగినాడు. ఆమీద కొండ ఎక్కుదామన్నాడు. నేను తేలుకుట్టిన దొంగ మాదిరి వెనక నడిచినా. గేజి దగ్గర ముంతలు ఉన్న తావు ఖాళీగా కనపడి, "ఇక్కడేవో కుండల గుర్తులున్నాయే?" అన్నాడు. ఓబులేసు ఉండబట్టలేక అంతా చెప్పేసినాడు. దిగొచ్చినాక బడి వసారాలో ముంతలు బోర్లించి ఆయన సొంతంగా గింజలు లెక్కపెట్టినాడు. పోయిన ఏడాది ముంతలో నలభైయారు గింజలు, గ్లాసుకు అర అంగుళం లెక్కన ఇరవైమూడు అంగుళాలు. నా రిజిస్టరులో పద్నాలుగు.

"ఈ రెండూ కలవడం లేదేవండీ?"

అయిపోయింది అనుకున్నా. ఒక్క మాట. ఎస్తేరమ్మ ఒక్క మాటంటే చాలు. మొగుని కాలు విరగ్గొట్టిన కాగితం నాది. ఆ మాట అనే హక్కు ఆమెకుండాది. అనింటే నేను కాదనేవాణ్ణి గూడా కాదు.

ఆమె కొంగు సవరించుకోని ముందుకొచ్చింది. "రెండూ సామి పెట్టించినవే దొరా. కింది వాన ఆయన కొలుస్తాడు, పైవాన నాతో కొలిపిస్తాడు. పైన ఎక్కువ పడతాండాదని తెలిసే గదా, ముందుగాల మమ్మల్ని ఈడికి తెచ్చింది."

ఆఫీసరు కండ్లు పెద్దవైనాయి. "రెండు ఎత్తుల్లో పరిశీలన! పదకొండేళ్లుగా! ఎవరు చెప్పారండీ మీకు ఈ పద్ధతి?" అని నా చెయ్యి పట్టుకోని ఊపినాడు. ఆదెప్ప పొడుము పీల్చి తుమ్మలేక నిలబడుండాడు.

ఆయన పోయినాక ఎస్తేరమ్మ నాతో మెల్లగా అనింది. "నీకోసం కాదు సామీ. నీ కాగితం అబద్ధమైతే మమ్మల్ని తెచ్చిన ఆర్డరు గూడా అబద్ధమైతాది, రేపు బడినుంచి తరుముతారు. ఐనా అబద్ధం అబద్ధమే, ఆదివారం నేను ప్రార్థనలో ఒప్పుకోవాల. నువ్వు రేపట్నుంచి ఎక్కు. నా అబద్ధం సగమన్నా తగ్గుతాది."

ఏప్రిల్ 28

ఎక్కినా.

మే 4

ఆర్డరు వచ్చింది. చదివి, నీళ్లు తాగి, మళ్లీ చదివినా. రాయి అని రాస్తే ఆ ఫైలు వేరే శాఖకు పోతాదంట, ఖాళీ చేయించింది చెల్లదంట. కాబట్టి ఫారంలో ఉన్న రకాల్లోనే దగ్గరగా ఉన్నది ఆఫీసరు ఎంచినాడు. "పడిన పదార్థం: మంచు. రకం: అతి గట్టి. సదరు మంచు పూర్తిగా కరిగేవరకు, తరలించినవారిని ఇప్పుడున్న కట్టడంలోనే ఉండనివ్వాలి. కరిగినదీ లేనిదీ హిమ పరిశీలకుడు రోజూ స్వయంగా చూసి తెలపాలి."

పెద్దమనుషులు నలుగురూ ఆఫీసుకొచ్చినారు. "బడి ఎప్పుడు ఖాళీ ఐతాదప్పా?" అని అడిగినారు.

"మంచు కరిగితే."

"అది గుండు గదప్పా!"

"మీకు గుండు. గవర్నమెంటుకు మంచు" అని ఆదెప్ప ఆర్డరు చేతికిచ్చినాడు. ఆయప్పను మొదటిసారి నవ్వంగా చూసినా. లోపల వెండి పన్ను ఉండాది.

మే 20

పల్లెను కొండకింద నుంచి తీసి మంచి తావులో ఇండ్లజాగా ఇప్పించమని వాళ్లు అర్జీలు పెట్టుకోబట్టి ఎన్నేండ్లో అయిందంట. ఇప్పుడు జూన్లో బడి తెరవాలని పెద్దమనుషులే వెంటబడితే, టౌన్ పక్కన రోడ్డుమీదనే మెట్ట జాగా తొమ్మిదిండ్లకూ పదహారు దినాల్లో దొరికింది. ఈ పొద్దు దేవదాసు కర్ర ఆనించుకోని వచ్చి మొదటి గుంజ నాటినాడు. నేను గడ్డపార పట్టుకున్నా. కాలు కొంచెం ఈడుస్తాడు. అది ఎప్పటికీ అంతేనంట. నా తప్పే. ఆ మాట ఆయనతో చెప్పినా. ఆయన గుంజ నిలువుగా ఉందా చూడమన్నాడు.

ఐనా ఆర్డరు ఆర్డరే. రోజూ పోయి చూసి రాస్తాండా. కరగలేదు.

జూన్ 8

రోట్లో గీతలు అలివేలు సానరాయితో తీసేసింది. అట్లకు పిండి రుబ్బింది. ఎస్తేరమ్మ కొత్త ముంత తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇంక గింజలు నువ్వే ఎయ్యి" అనింది.

జూన్ 9

రేతిరి వాన. పొద్దున్నే ఎక్కినా, ఒక్కసారే కూచున్నా.

వాన: మూడు గింజలు. మంచు: కరగలేదు. నేనే చూసినా.